పై గదిలో పొయ్యి

"నేనేమన్నాననీ? నా చెల్లెలికి నా ఇంట్లో ఏ లోటూ లేదన్నాను. అదీ తప్పేనా?"

అన్నయ్య చేతిలో కాగితం రెపరెపలాడుతోంది. సెలవు రోజు కావడంతో ఇంట్లోనే ఉండి, పొద్దున్నుంచి దాన్ని నాలుగుసార్లు చదివాడు. చదివినప్పుడల్లా గొంతు కాస్త పెరుగుతూ వచ్చింది. ‘దరఖాస్తుదారు తన సోదరుని కుటుంబముతో కలిసి భుజించుచున్నట్లు విచారణలో తేలినందున, ఒంటరి భత్యము మంజూరు చేయుటకు వీలుపడదని తెలియజేయుటకు చింతిస్తున్నాము.’ ఆఫీసుల భాషే అంత. ముఖాన తలుపు వేస్తూ నమస్కారం పెడుతుంది.

వదిన వంటింటి గుమ్మంలో నిలబడి తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటోంది.

"తప్పని ఎవరన్నారండీ? విచారణకొచ్చినాయన అడిగినదానికి అడిగినంత చెబితే సరిపోయేది. మీరు కుర్చీ వేసి, టీ ఇచ్చి, ‘అది నా కంచంలో తిన్నట్టే సార్’ అని కూడా అన్నారు."

"అనకూడదా?"

"ఆయన దాన్ని రాసుకున్నాడు. పైకెళ్లి గది చూస్తానంటే కూడా మీరే వద్దన్నారు. ‘పైన ఏముంది సార్, ఓ మంచం, ఓ కుట్టుమిషను’ అన్నారు."

పాపం, అన్నయ్యకి దురుద్దేశం లేదు. ముప్పై ఏళ్లుగా సిటీ బస్సు నడుపుతున్న మనిషి. ఎవరైనా దారి అడిగితే వీధి మలుపుతో ఆపకుండా ఇంటి గడపదాకా చెప్పే రకం. కొత్త మనిషి ఇంటికొచ్చి ‘మీ చెల్లెలికి ఎలా గడుస్తోంది?’ అని అడిగితే, పరువున్న అన్న ఎవడైనా ‘గడవడం లేదండీ’ అంటాడా?

ఆ చెల్లెలు పై గదిలో ఉంటుంది. యాభై ఒక్క ఏళ్లు. పెళ్లి చేసుకోలేదు. చొక్కాల ఫ్యాక్టరీలో పాతికేళ్లపాటు కాజాలు కుట్టింది కాబట్టి వీధిలో పిల్లాపెద్దా అందరికీ కాజాలమ్మే. మూడేళ్ల కిందట చూపు మందగించి, గుండీ ఒకచోట, కాజా ఒకచోట పడటం మొదలయ్యాక ఫ్యాక్టరీ వాళ్లు ఓ పూలగుత్తి చేతికిచ్చి పంపేశారు. ఆ తర్వాత ఇరుగుపొరుగు వాళ్ల ప్యాంట్లకి అంచులు మడిచి కుడుతూ నెట్టుకొచ్చింది. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడమే గగనమైపోయింది. అందుకే ఈ ఒంటరి భత్యానికి రాసుకుంది. పని చేసే ఓపిక పోయి, వెనకాల ఎవరూ లేక, తన తిండి తనే చూసుకోవాల్సిన ఒంటరి మనుషులకి ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం అది.

"అసలు దానికి ఆ డబ్బెందుకే?" అన్నాడు అన్నయ్య. "నేను లేనా? మూడుపూటలా నా ఇంట్లో తింటున్న మనిషికి..."

"తినడం లేదు."

వదిన ఆ మాట మెల్లగానే అంది. అయినా అన్నయ్య ఆగిపోయాడు.

"ఏంటీ?"

"అమ్మాయి మన ఇంట్లో తినడం లేదండీ. రెండేళ్లయింది. పైన స్టవ్వు పెట్టుకుంది. తన బియ్యం తనే తెచ్చుకుంటుంది, తనే వండుకుంటుంది."

రెండేళ్లు ఇంటాయనకి తెలియకుండా ఎలా ఉంటుందని మీకు అనుమానం రావచ్చు. తెల్లవారకముందే తొలి బస్సు తీసే మనిషి. తిరిగొచ్చేసరికి ఇంట్లో మధ్యాహ్నం భోజనాలు అయిపోతాయి; రాత్రి తనొక్కడే పెందలాడే తిని పడుకుంటాడు. సెలవు రోజున చెల్లెలు కిందికొచ్చి ఎదురుగా టీ గ్లాసు పట్టుకుని కూర్చునేది. ‘నువ్వు తినవే?’ అంటే ‘ఇందాకే తిన్నాను’ అనేది. మోకాళ్ల నొప్పుల వల్ల అన్నయ్య ఆ మేడ మెట్లు ఎక్కి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తులేదు.

కాగితం బల్లమీద పెట్టి భార్య వైపు చూశాడు.

"అంటే నువ్వు దానిచేత వేరు కుంపటి పెట్టించావన్నమాట. నేను బయట బస్సు తోలుతుంటే, ఇక్కడ నువ్వు నా చెల్లెల్ని వేరు పెట్టావు."

చిన్న మాట కాదది. కలిసున్న ఇంట్లో ఆ మాట పడిందంటే గోడలు కూడా ఒకదాన్నొకటి చూసుకుంటాయి. వదిన ముఖం పాలిపోయింది.

అప్పటికే కాజాలమ్మ మెట్లు దిగి వచ్చేసింది. చివరి మెట్టు మీద కాలితో తడిమి చూసుకుని అడుగేసింది.

"అన్నయ్యా, వదిననేమీ అనకు. డాక్టరు నన్ను ఉప్పు తగ్గించమన్నాడు. ఇద్దరికీ వేరువేరుగా వండటం వదినకి కష్టమని నేనే..."

"రెండేళ్లుగా ఉప్పు లేకుండా తింటున్నావా?"

"అలవాటైపోయింది."

"కంటికీ ఉప్పుకీ ఏంటే సంబంధం? నీకు వేరే జబ్బేమైనా ఉందా?"

అబద్ధం చేతకాని మనుషులకి మొదటి ప్రశ్న దాకానే సరుకు ఉంటుంది.

"చూశావా?" అన్నాడు అన్నయ్య భార్యతో. "నువ్వు చేసినదాన్ని తన మీద వేసుకుంటోంది. ఇరవై రెండేళ్ల నుంచి ఈ ఇంట్లో ఉన్నావు. ఒక్క మనిషికి ముద్ద పెట్టలేకపోయావా?"

వదిన నోరు తెరిచింది. ఆడపడుచు వైపు చూసింది. కాజాలమ్మ కళ్లకి అంత దూరం నుంచి వదిన ముఖం సరిగ్గా కనిపించదు. అయినా తల అడ్డంగా ఊపింది. ఆ ఊపులో బతిమాలడం ఉంది. రెండేళ్ల కిందట ఇవే మెట్ల దగ్గర వదిన చెయ్యి పట్టుకుని, ‘అన్నయ్యకి కారణం చెబితే నామీద ఒట్టే’ అన్న మనిషి ఆమె. మొదట్లో వదిన రోజూ ఓ గిన్నె పట్టుకుని పైకి వెళ్లేది. ఆ గిన్నె కూరతో సహా తిరిగి వచ్చేది. కొన్నాళ్లకి వెళ్లడం మానేసింది. మానేసినందుకు తనని తను ఎంత తిట్టుకుందో ఆమెకే తెలుసు.

"కూర చల్లారిపోతోంది," అంది వదిన. "తినండి."

అన్నయ్య తినకుండానే బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు డిపోలో సెలవు పెట్టి, చెల్లెల్ని వెంటబెట్టుకుని సహాయ కార్యాలయానికి వెళ్లాడు. రోడ్డు దాటేటప్పుడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు, దాటగానే వదిలేశాడు.

మూడో కౌంటరులో ఉద్యోగిని పెద్దావిడ. కళ్లజోడు గొలుసుతో మెళ్లో వేలాడుతోంది. ఫైలు తీసి, కళ్లజోడు పెట్టుకుని, చదివి, మళ్లీ వదిలేసింది.

"ఇక్కడ ఒకటే సూత్రమండీ. ఒక పొయ్యి, ఒక కుటుంబం. ఒకే కప్పు కింద పదిమందున్నా మాకు అభ్యంతరం లేదు. ఎవరి సరుకులు వాళ్లు తెచ్చుకుని ఎవరిది వాళ్లు వండుకుంటే, ఎవరి కుటుంబం వాళ్లదే. కలిపి వండుకుంటే మాత్రం మీ జీతం కూడా ఈవిడ ఆదాయం కిందే చూస్తాం. అప్పుడు భత్యం రాదు."

"నా జీతం దాని ఆదాయం ఎలా అవుతుందమ్మా?"

"‘నా కంచంలో తిన్నట్టే’ అన్నది మీరే కదా?" ఫైలు అతని వైపు తిప్పింది. అన్నయ్య మాట నీలం సిరాలో, పొల్లుపోకుండా ఉంది.

"అది మాటవరసకి అన్నాను."

"అందరూ మాటవరసకే అంటారు. మేం రాసుకుంటాం. రోజుకి ఇద్దరైనా వస్తారు ఇలా, ఇంట్లోవాళ్ల ప్రేమ వల్ల భత్యం పోగొట్టుకున్నవాళ్లు." ఆవిడ ఇంకో కాగితం తీసింది. "అప్పీలుకి పదిహేను రోజుల గడువుంది. కంటి డాక్టరు రాసిచ్చింది సరిగ్గా ఉంది. ఇంటి యజమానిగా మీరు ఇది నింపాలి. ఈవిడ ఏ తేదీ నుంచి విడిగా వండుకుంటున్నారు, ఎందువల్ల. తర్వాత మావాళ్లు ఇంకోసారి వస్తారు. చెప్పి రారు. మీ గుర్తింపు కార్డు జిరాక్స్ కూడా ఒకటి కావాలి."

జిరాక్స్ షాపు రోడ్డవతల ఉంది. అన్నయ్య వెళ్లాడు. అతని అడుగుల చప్పుడు తలుపు దాటేదాకా ఆగి, కాజాలమ్మ కౌంటరు మీదికి వంగింది.

"అమ్మా, ఒక్క మాట. ఇది మంజూరయ్యాక నేను వేరేచోట గది తీసుకుంటే పోతుందా?"

"పోదు. అద్దె చీటీ చూపిస్తే దానికీ కొంత కలుపుతారు. గది చూసుకున్నారా?"

ఆమె తల ఊపింది.

"మీ అన్నగారికి తెలుసా?"

తల అడ్డంగా ఊపింది. "మంచివాడమ్మా. చెబితే బాధపడతాడు. కానీ నా తలుపుకి నేను తాళం వేసుకుని, ఆ తాళంచెవి నా దగ్గరే పెట్టుకోవాలనుంది. ఈ వయసులో ఇదో పిచ్చి కోరిక."

"పిచ్చేముంది?" అంది ఉద్యోగిని. ఇంకేదో చెప్పబోయింది గాని, అన్నయ్య వచ్చేశాడు.

కుర్చీ లాక్కుని కూర్చుని కలం తీశాడు. పేరు రాశాడు, చిరునామా రాశాడు.

"ఏ తేదీ నుంచే?"

"ఏదో ఒకటి రాయి అన్నయ్యా."

"ఏదో ఒకటి కుదరదమ్మా," అంది ఉద్యోగిని. "రేపు వచ్చినవాళ్లు మిమ్మల్ని విడిగా అడుగుతారు. ఇద్దరిదీ ఒకటే అవ్వాలి."

కాజాలమ్మ ఒళ్లో చేతులు నలుపుకుంది. "కిందటి కిందటేడు. నవంబరు పది."

అన్నయ్య ‘నవంబరు’ అని రాశాడు. కలం అక్కడే ఆగిపోయింది.

తేదీలు డ్రైవర్లకి బాగా గుర్తుంటాయి. ఆ ఏడు నవంబరు తొమ్మిదిన డిపో గోడకి నోటీసు అంటించారు. రెండో షిఫ్టు ఎత్తేశారు, అదనపు డ్యూటీలు లేవు. ఆ రోజు అతను చీకటి పడుతుండగా ఇంటికొచ్చాడు. అప్పటికింకా కూతురు హాస్టలుకి వెళ్లలేదు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. వదిన వడ్డిస్తోంది. అతనికి ఆకలి లేదు, మనసు మనసులో లేదు.

"ముందు రోజు నేను కంచం ముందు కూర్చుని ఏదో అన్నాను," అన్నాడు.

"ఏమీ అనలేదన్నయ్యా."

"‘సంపాదించేది రెండు చేతులు, తినేది నాలుగు నోళ్లు’ అన్నాను."

అతనొకడు, భార్య, కూతురు. ఆ నాలుగో నోరు ఎవరిదో ఆ పూట బల్ల దగ్గరున్న అందరికీ తెలుసు. అన్నవాడు ఆ రాత్రే మర్చిపోయి నిద్రపోయాడు.

"నన్నని కాదులే. ఏదో కోపంలో అన్నావు," అంది కాజాలమ్మ.

"మరి నువ్వెందుకు పైకెళ్లిపోయావు?"

"వెళ్లాలనిపించింది."

"నిన్న నేను మీ వదినని అన్ని మాటలన్నాను. తనైనా చెప్పొచ్చు కదా?"

"నేను ఒట్టు పెట్టించుకున్నాను. నీకు తెలిస్తే నువ్వు మనశ్శాంతిగా ఒక ముద్ద తినలేవని. మా ఇద్దరికీ తెలుసు అది."

వెనకాల వరసలో ఎవరో దగ్గారు. అన్నయ్య ‘10’ అని వేశాడు. ఏడాది వేశాడు. ‘కారణం’ అన్నచోట బళ్లో పిల్లాడిలా ఒక్కో అక్షరమూ దిద్దుతూ రాశాడు. ‘నేను అన్న మాట వల్ల.’

ఉద్యోగిని కాగితం అందుకుని చదివింది. ఆ గడిలో సాధారణంగా ‘అనారోగ్యం’ అనో ‘కుటుంబ కలహం’ అనో రాస్తారు. ఆవిడ దేన్నీ దిద్దమనలేదు. ముద్ర వేసి, రసీదు చింపి కాజాలమ్మ చేతిలో పెట్టింది.

"అమ్మా," అన్నాడు అన్నయ్య, లేవకుండా. "ఇవాళ్టి నుంచి దీన్ని కిందికి పిలిచి మాతోపాటే అన్నం పెడితే?"

"పెడితే మీరు ఇప్పుడు రాసింది అబద్ధమవుతుందండీ. ఈ నెలలో మావాళ్లు ఎప్పుడైనా రావచ్చు."

"ఒక్కపూట కూడా పెట్టకూడదా?"

"ఎప్పుడైనా చుట్టపుచూపుగా అయితే ఫరవాలేదు. అది ఎవరింట్లోనైనా ఉండేదే."

తన చెల్లెల్ని చుట్టపుచూపుగా భోజనానికి పిలవడమనే ఊహ అన్నయ్యకి కొరుకుడు పడలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ప్రతి స్టాపు దగ్గరా లేని బ్రేకుని కాలితో తొక్కుతూ వచ్చాడు. చెల్లెలు చూసి నవ్వుకుంది. నిన్నటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. వదిన తలుపు తీసింది. మంచినీళ్ల గ్లాసు బల్లమీద పెట్టింది. పని ఏమైందని అడగలేదు. ఆడపడుచు మోచేతిని మాత్రం దాటిపోతూ ఒకసారి నొక్కింది. కాజాలమ్మ పైకి వెళ్లిపోయింది.

అన్నయ్య నీళ్లు తాగాడు. ముందు భార్యతో మాట్లాడాలి. ఆ సంగతి అతనికీ తెలుసు. వంటింట్లోకి రెండడుగులు వేశాడు కూడా. వదిన వెనక్కి తిరక్కుండా గిన్నెలు సర్దుతోంది. పెళ్లానికి తప్పయిందని చెప్పడంకంటే, నొప్పి మోకాళ్లతో పదిహేడు మెట్లు ఎక్కడమే తేలికనుకునే మగవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు. మన అన్నయ్య వాళ్లలో ఒకడు. కమ్మీ పట్టుకుని మెట్టుకో నిట్టూర్పు విడుస్తూ ఎక్కాడు.

గది అతను అనుకున్నట్టు లేదు. మంచం ఉంది, మిషను ఉంది. కిటికీ పక్కన చెక్కబల్ల మీద చిన్న స్టవ్వు, దాని మీద ఒక్క మనిషికి సరిపోయే గిన్నె. ఒక కంచం, ఒక గ్లాసు కడిగి బోర్లించి ఉన్నాయి. ఉన్నది ఒకటే కుర్చీ. అన్నయ్య దాన్నీ, కంచాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఎందుకెక్కావన్నయ్యా? పిలిస్తే నేనే దిగేదాన్ని కదా," అంది కాజాలమ్మ.

"ఈ పూటకి నాకు అన్నం పెడతావా? చుట్టపుచూపుగా వచ్చాను."

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత గబగబా కుర్చీ దులిపింది. కంచం అతనికి పెట్టి, తను గిన్నె మూతలో వడ్డించుకుని మంచం అంచున కూర్చుంది. అన్నం, గుడ్డు కూర. ఒక్కరికని వండింది ఇద్దరికి వచ్చేసరికి చెరో నాలుగు ముద్దలయింది.

"ఉప్పు వేశావే!" అన్నాడు అన్నయ్య.

"వేయకపోతే ఎవరు తింటారు?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే అన్నయ్య ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఆ డబ్బు వచ్చాక కూడా ఇలా వస్తుంటానే. ఆదివారం ఆదివారం."

కాజాలమ్మ మూత పక్కన పెట్టింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేననిపించింది.

"అన్నయ్యా, ఆ డబ్బు వస్తే నేను ఇక్కడ ఉండను. లాండ్రీ వెనక వీధిలో ఓ గది చూశాను. ఒక కిటికీ, ఒక కుళాయి ఉన్నాయి. ముసలావిడది ఇల్లు. నెలాఖరు దాకా ఆగుతానంది."

"ఇంకా కోపం పోలేదా?"

"కోపం ఉంటే రెండేళ్లు నీ నెత్తిమీదే ఉంటానా?" ఆమె గొంతు మెత్తగా ఉంది. "మొదట నాన్న ఇంట్లో ఉన్నాను. తర్వాత నీ ఇంట్లో. మీరిద్దరూ నన్ను బాగానే చూశారు. ఒక్కసారి ‘మా ఇంటికి రండి’ అని నేను ఎవర్నైనా పిలవాలనుంది. నిన్ను పిలవాలనుంది."

"అయితే నేను పొద్దున్న సంతకం పెట్టింది దీనికా?"

"దీనికే."

అన్నయ్య కంచంలో మెతుకుల్ని వేలితో ఒక పక్కకి పోగుచేశాడు. కిటికీలోంచి వీధిలో సైకిలు గంట వినిపించి వెళ్లిపోయింది.

"మెట్లున్నాయా అక్కడ?"

"లేవు. నీ మోకాళ్ల కోసమే కింది గది అడిగాను."

అన్నయ్య చెయ్యి చాపి, చిన్నప్పుడు చేసినట్టు ఆమె నెత్తిమీద అరచేయి వేసి ఒకసారి ఊపాడు.

"వదినతో మాట్లాడావా?" అంది కాజాలమ్మ కాసేపాగి.

"మాట్లాడతాలే."

"ముందు కిందే మాట్లాడి రావాల్సింది. నిన్న తనని అన్న మాట చిన్నదా?"

"మాట్లాడతానన్నాను కదే. ఆవిడెక్కడికి పోతుంది?"

గుమ్మం దగ్గర గిన్నె చప్పుడైంది. వదిన నిలబడి ఉంది. చేతిలో కూర గిన్నె. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపు విందో ఎవరికీ తెలియదు. లోపలికొచ్చి గిన్నె స్టవ్వు పక్కన పెట్టింది. భర్త వైపు చూడలేదు. ఒక్క కంచాన్నీ, ఒక్క కుర్చీనీ, కిటికీనీ నింపాదిగా చూసింది. దాదాపు రెండేళ్ల తర్వాత ఆ గదిలోకి రావడం ఆమెకి కూడా అదే మొదటిసారి.

"అమ్మాయ్," అంది. "ఆ లాండ్రీ వెనక గదిలో రెండో మంచానికి చోటుంటుందా?"

"ఎవరికి వదినా?"

"నాకే."

కాజాలమ్మ నవ్వబోయి, దగ్గరకొచ్చి వదిన ముఖంలోకి చూసి ఆగిపోయింది. అన్నయ్య చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.